పొదల కింద లాగిన కరెంటు

అది నారింజ రంగు తీగ. చలికాలంలో ఇంటి ముందు మంచు తోసే మిషనుకు తగిలించుకునే పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగ. మా సంఘ పెద్ద దాన్ని తన ట్రక్కు వెనకనుంచి తీసి, మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలు చుట్టుకుంటూ మా ట్రైలర్ దగ్గరకు వచ్చారు.

"వందనాలు సిస్టర్. మీ కరెంటు వచ్చేసింది!"

నేను నవ్వాను. ఈ సంగతి రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నా చెయ్యి ఆగిపోయేది ఆ నవ్వు దగ్గరే.

మేము ఆ చెరువు ఒడ్డుకు వెళ్ళింది విహారానికి కాదు. మా అమ్మాయి బాప్తిస్మానికి. కెనడాలో, మిస్సిసాగాలో మాది చిన్న తెలుగు సంఘం. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో కూడుకుంటాం. జీతం ఇచ్చి పాస్టరును పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి వాక్యం చెప్పేదీ, రొట్టె విరిచేదీ, బాప్తిస్మం ఇచ్చేదీ అన్నీ ఆ పెద్దే. తలమీద నాలుగు చుక్కలు చల్లే పద్ధతి మాది కాదు. నిండా ముంచాలి. అందుకని ప్రతి వేసవిలో ఎవరో ఒకరి కోసం హ్యూరన్ చెరువుకు వెళ్తాం. చెరువంటే చెరువు కాదు, ఆవలి గట్టు కనపడని నీళ్ళు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. నేను బలవంతం చేయలేదు. నేను సండేస్కూలు టీచరును. పక్కవాళ్ళ పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించిన దాన్ని, నా పిల్ల విషయంలో మాత్రం నోరు కట్టేసుకుని ప్రార్థన ఒక్కటే చేశాను. ఆ ఏడు వసంతంలో ఒక సాయంత్రం అంట్లు తుడుస్తూ, "అమ్మా, ఐ వాంట్ టు డూ ఇట్ దిస్ సమ్మర్," అంది. ఏమిటని అడగాల్సిన పని లేకపోయింది. నేను సింకు దగ్గరే ఏడ్చాను. ఆ వారమే తెల్ల గుడ్డ కొని గౌను నేనే కుట్టాను. నీళ్ళలో పైకి తేలకుండా అంచులో చిన్న చిన్న ఇనప బిళ్ళలు పెట్టి కుట్టాను.

రెండు కుటుంబాలు, రెండు అద్దె ట్రైలర్లు, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళు. స్థలాలు బుక్ చేసే పని ఆ పెద్దాయనే తీసుకున్నారు. ఒంటారియోలో కరెంటును హైడ్రో అంటారు. క్యాంపు మైదానంలో హైడ్రో ఉన్న స్థలం వేరు, లేని స్థలం వేరు. హైడ్రో ఉన్నచోట ట్రైలర్ పక్కన నడుమెత్తు స్తంభం ఉంటుంది. దానికి తగిలించుకుంటే ఏసీ, ఫ్రిజ్, కుక్కర్ అన్నీ నడుస్తాయి. లేనిచోట ట్రైలర్ బ్యాటరీ మీద నాలుగు బల్బులు వెలుగుతాయి, అంతే. రెండింటికీ రోజు అద్దెలో తేడా ఉంటుంది. ఆ తేడా, నిజం చెప్పాలంటే, మేమంతా దారిలో ఆగి తాగిన కాఫీలు, తిన్న డోనట్లకు అయిన ఖర్చంత కూడా లేదు.

ఆయన తనకు హైడ్రో ఉన్న స్థలం తీసుకున్నారు. మాకు దాని వెనకే, దేవదారు పొదలకు అవతల, హైడ్రో లేనిది తీసుకున్నారు. అక్కడికి చేరాక గాని మాకు తెలియలేదు. మా ఆయనది వరంగల్ వైపు.

"అన్నా, మాకు గూడ హైడ్రోదే తీసుకుంటె అయిపోవుగద," అన్నాడు.

"ఎందుకయ్యా దండగ? స్తంభానికి రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి నాకు, ఒకటి నీకు. వాళ్ళు లెక్కలు చూస్తారా ఏమన్నా? మన ఊళ్ళో కూటాలకు కొక్కెం వేసేవాళ్ళం, గుర్తులేదా?" అని, నా వైపు తిరిగి, "ఐదు రొట్టెలు ఐదువేలమందికి పంచిన దేవుడు ఒక ప్లగ్గు పంచలేడా సిస్టర్? అందరూ వాడుకున్నాక ఇంకా పన్నెండు గంపల కరెంటు మిగుల్తుంది చూడండి!" అన్నారు.

నేను నవ్విన నవ్వు అదే. వాక్యాన్ని అంత నీచమైన పనికి వాడినా నవ్వాను. మాకు లేక కాదు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, రెండు కార్లున్నాయి. అయినా మనసులో ఏదో మూల, పోనీలే కలిసొచ్చింది అనుకున్నాను. పెద్దాయన చేస్తున్నారు కదా, పాపమేదైనా ఉంటే ఆయన చూసుకుంటారన్నట్టు.

కొక్కెం మాట నాకు తెలియనిది కాదు. మా నాన్నగారు కోస్తాలో ఒక చిన్న సంఘానికి కాపరి. క్రిస్మస్‌కు ముందు మూడు రోజులు కూటాలు జరిగేవి. పందిట్లో ట్యూబులైట్లకూ మైకుకూ కరెంటు కావాలి. వెదురు కర్ర చివర కొక్కెం కట్టి వీధి లైను మీద తగిలించేవాళ్ళు. లైన్‌మన్‌కు ముందు వరసలో కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్ళు. కర్ర పట్టుకున్న చెయ్యి మా నాన్నది. నేను ఆ ట్యూబులైట్ల కింద నిలబడి వెలుగును గురించిన వాక్యాలు తప్పు లేకుండా పది అప్పజెప్పి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్నాను. మా నాన్న మీద నాకు ప్రేమ తగ్గలేదు. కాని ఆ గ్లాసు తలచుకుంటే ఇప్పుడు నోట్లో ఏదో తుప్పు రుచి.

తీగను పొదల మధ్యనుంచి లాగి, పైన ఎండుటాకులు కప్పారు. పొడవు చాలక మధ్యలో ఇంకో తీగ కలిపారు. ఆ అతుకు సరిగ్గా మా రెండు స్థలాల మధ్య, పొద మొదట్లో పడింది. సాయంత్రం అన్నం ముందు ఆయన చేతులెత్తి ప్రార్థన చేశారు. చల్లటి గాలి ఇచ్చినందుకు, వెలుగు ఇచ్చినందుకు, ఈ స్థలంలో ఏ కొదువా లేకుండా చేసినందుకు స్తోత్రాలు. మా ట్రైలర్ ఏసీ మోత మధ్యలో అందరం ఆమెన్ అన్నాం. మా అమ్మాయి అందో లేదో నేను చూడలేదు.

శనివారం ఎండ మండిపోయింది. ఆ వారమంతా వానలు లేవు. మంటలు వేయరాదని గేటు దగ్గరే పెద్ద బోర్డు. ఆ నియమాన్ని మాత్రం మేం తుచ తప్పకుండా పాటించాం, ఎందుకంటే దాని కింద జరిమానా రాసి ఉంది. నేను పొద్దున్నే గౌను తీసి, మడతలు పోవాలని నీళ్ళు చిలకరించి రెండు చెట్ల మధ్య తాడు మీద ఆరేశాను. లోపల ఏసీ నడుస్తోంది, కుక్కర్లో బిర్యానీ ఉడుకుతోంది. పెద్దాయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, తన కెటిల్ కూడా తెచ్చి మా ట్రైలర్లోనే పెట్టింది.

మధ్యాహ్నం క్యాంపు వాళ్ళ చిన్న బండి ఒకటి మెల్లగా మా దారిన వచ్చింది. చెత్తబుట్టలు చూసుకుంటూ తిరుగుతారు. పెద్దాయన గబగబా లేచి, తాడు మీద నుంచి గౌను లాగి, పొద మీద పరిచారు. అంచు లాగి కింద అతుకు కనపడకుండా సర్దారు. బండి దగ్గరికొచ్చేసరికి ఆ గౌనును చేత్తో సాపు చేస్తూ, "హలో సర్! బ్యూటిఫుల్ డే!" అంటున్నారు. బండి వెళ్ళిపోయింది. ఆయన మా వైపు తిరిగి కన్ను గీటారు.

పిక్నిక్ బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటున్న మా అమ్మాయి అంతా చూసింది. పుస్తకం మూసి నన్ను చూసింది. నేను వెళ్ళి గౌను తీసి మళ్ళీ తాడు మీద వేసి ఉండాల్సింది. "బిర్యానీ చూడాలి," అని లోపలికి వెళ్ళాను.

గంట తరవాత వాసన వచ్చింది. మొదట బిర్యానీ అడుగంటిందనుకున్నాను. తరవాత ప్లాస్టిక్ వాసన, గుడ్డ వాసన. ఒక్కసారిగా ఏసీ ఆగిపోయింది. బయటికి పరుగెత్తేసరికి మా ఆయన గౌను లాగి నేలమీద వేసి తొక్కుతున్నాడు. ఆ అతుకు కరిగి ముద్దయింది. కింద ఆకులు నల్లగా పొగ విడుస్తున్నాయి. మా ఆయన నీళ్ళ బకెట్ తీసుకోబోతే పెద్దాయన, "ఆగయ్యా, కరెంటు మీద నీళ్ళా!" అని అరిచి, వెళ్ళి స్తంభం దగ్గర ప్లగ్గు పీకారు. అది మాత్రం సరిగ్గా చేశారు.

గౌను ఎత్తి చూశాను. ఒడి భాగాన అరచెయ్యంత గోధుమరంగు మచ్చ, మధ్యలో చిల్లు. దానిమీద మా ఆయన బూటు గుర్తు.

అందరం నిలబడి దాన్నే చూశాం. అక్క మెల్లగా, "సూదీ దారం ఉన్నాయి నా దగ్గర. లోపలికి మడిచి కుట్టేద్దాం చెల్లీ," అంది.

"ఎందుకూ కుట్టడం?" అన్నారు పెద్దాయన. ఆయనకు ఊపిరి సర్దుకుంది, మాట కూడా తిరిగి వచ్చింది. "నీళ్ళలోకి దిగాక ఎవడికి కనపడుతుంది? దేవుడు గౌను చూస్తాడా, హృదయం చూస్తాడా? ఏం అమ్మా?" అని మా అమ్మాయిని అడిగారు. "సాతాను ఆటంకం ఇది. పెద్ద ఆశీర్వాదం ముందర ఇలాంటివి వస్తాయి. వేరే తీగ ఉంది నా దగ్గర, ఇంకొంచెం లావుది. చీకటి పడ్డాక వేద్దాం."

వేరే తీగ. ఆ మాట విని ట్రైలర్ మెట్టు మీద కూర్చున్నాను. బైబిల్లో, గుడారం నేలలో దొంగసొత్తు పూడ్చి పైన కంబళి పరచుకున్నవాడి కథ నేను సండేస్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలకు రంగుకాగితాలతో గుడారం చేయించి, కింద ఏముందో వెతికించేదాన్ని. మా అమ్మాయికీ అలాగే చెప్పాను. ఇప్పుడు మా గుడారం ఇది, పైన పరచిన గుడ్డ నేను కుట్టినది.

మా అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. గట్టిగా మాట్లాడలేదు.

"యూ న్యూ, రైట్? నిన్నటినుంచీ."

"తెలుసు," అన్నాను.

"దెన్ ఐయామ్ నాట్ డూయింగ్ ఇట్." పెద్దాయన వైపు చూసి, "నాట్ విత్ హిమ్. నాట్ విత్ యూ గైస్," అంది.

నీతో కూడా కాదు అంది. నా పదహారేళ్ళ ప్రార్థన నాలుగు మాటల్లో అయిపోయింది. లేచి చెప్పులేసుకున్నాను. "ఎటు పోతున్నవ్?" అన్నాడు మా ఆయన. "ఆఫీసుకు," అన్నాను. "ఆగు, నేనూ వస్త," అన్నాడుగాని, నేను ఆగలేదు.

గేటు దగ్గర ఆఫీసులో యాభై దాటిన ఆవిడ ఉంది. ఎండకు కందిన చేతులు, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. నేను ఇంగ్లీషులో చెప్పాను, దాచకుండా. పక్క స్థలంనుంచి తీగ లాగామని, నిన్న సాయంత్రంనుంచి వాడుకుంటున్నామని, ఆ తీగ ఇప్పుడు కాలిందని, దానికి ఇవ్వాల్సింది ఇచ్చేస్తానని. పన్ను వసూలు చేసే సుంకరి దగ్గర నిలబడ్డట్టు బ్యాగ్ తెరిచి కార్డు చేత్తో పట్టుకున్నాను. ఆవిడ కార్డు వైపు చూడనుకూడా లేదు.

"ఎక్కడ కాలింది?"

"పొదల్లో."

"దేవదారు పొదల్లోనా?" ఆవిడ అప్పటికే లేచింది. "డబ్బు సంగతి తరవాత. పదండి."

ఆ చిన్న బండిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చింది. దారిలో ఒక్క మాట అంది. పోయినేడు ఎవరో ఇలాగే చేస్తే ఒక ట్రైలర్ కాలిందట. పక్కదానిలో పసిపిల్లలు నిద్రపోతున్నారట, తృటిలో ప్రమాదం తప్పిందట. నేను అప్పటిదాకా దొంగతనం అనే అనుకుంటున్నాను. ఆ వరసలో ఇంకెవరెవరు పడుకుంటారో లెక్కలోకే తీసుకోలేదు.

ఆవిడ దిగి, పొద కింద ఆకులు కాలితో తోసి, నల్లని ముద్ద చూసింది. పెద్దాయన నవ్వుముఖంతో ఎదురొచ్చారు. రెండు చేతులు జోడించారు కూడా.

"సారీ మేడమ్, వెరీ సారీ. ఇన్ అవర్ కంట్రీ దిస్ ఈజ్ నార్మల్. వియ్ ఆర్ న్యూ పీపుల్. వియ్ డిడ్ నాట్ నో."

ఆయన కెనడా వచ్చి పద్దెనిమిదేళ్ళు. సొంత ఇన్సూరెన్స్ ఆఫీసు ఉంది. తన తప్పును మొత్తం దేశం నెత్తిన పెట్టి, మా అందరినీ ఏమీ తెలియని వాళ్ళను చేసి, చేతులు జోడించి నిలబడ్డారు. ఆ జోడించిన చేతులతోనే రేపు పొద్దున నా పిల్లను నీళ్ళలో ముంచాలి. కాలిన తీగ కంటే, కన్నుగీటడం కంటే, నాకు అసహ్యం వేసింది ఆ నమస్కారం చూసి.

ఆవిడ నా వైపు చూసింది. "మాకు తెలుసు," అన్నాను ఇంగ్లీషులో. "అందరికీ తెలుసు. ఆకులు కూడా మేమే కప్పాం."

పెద్దాయన తెలుగులో, నవ్వు చెదరకుండా, "నోరు మూసుకోండి సిస్టర్," అన్నారు.

"మీరు మూసుకోండి అన్నయ్యగారూ," అన్నాను. మా సంఘంలో ఒక పెద్దకు ఎదురు చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆవిడకు భాష తెలియకపోయినా విషయం తెలిసింది. హైడ్రో స్థలాలన్నీ నిండాయని, మమ్మల్ని మార్చడం కుదరదని, ఆ స్తంభానికి ఇకపై ఒక్క ట్రైలరే ఉండాలని చెప్పింది. తీగలు రెండూ చుట్టి బండిలో వేసుకుంది. ఆఫీసుకు తిరిగి వెళ్ళాక నా దగ్గర రెండు రోజుల తేడా తీసుకుని రసీదు ఇచ్చింది. జరిమానా రాయలేదు. ఎందుకు రాయలేదో నేను అడగలేదు. క్షమించేసినట్టు ముఖం కూడా పెట్టలేదు, అందుకు ఆవిడకు కృతజ్ఞురాలిని.

ఆ రాత్రి కిటికీలు తెరుచుకుని, దోమలకు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. ఫ్రిజ్‌లో మిగిలిన కోడి పొద్దుటికి వాసన కొట్టింది. బయట రాత్రిళ్ళు చెత్త వెతుక్కునే రాకూన్లు తెరవలేని బరువు మూత ఎత్తి చెత్తబుట్టలో పడేస్తుంటే ముక్కుపుటాలు అదిరాయి. ఆ కోడినే ముందురోజు స్తోత్రం చెప్పి మరీ వండాం.

ఆదివారం పొద్దున పెద్దాయన ఏమీ జరగనట్టే తెల్ల చొక్కా వేసుకుని, పాట ఎత్తుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డారు. అక్క గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి జీన్సు, బూట్లు వేసుకుని పిక్నిక్ బల్ల మీద కూర్చుంది.

"పిలువు పోయి," అన్నాడు మా ఆయన నాతో.

నేను పిలవలేదు. పిల్లే అంది: "టెల్ హిమ్ టు గెట్ అవుట్ ఆఫ్ ద వాటర్."

పెద్దల గురించి అలా మాట్లాడితే ఇంకోరోజైతే చెంప పగలగొట్టేదాన్ని. నీళ్ళ దాకా వెళ్ళి, "మా అమ్మాయి ఈ రోజు దిగదండీ. బయటికి రండి," అని చెప్పాను. ఆయన అక్కడే కళ్ళు మూసుకుని, అవిధేయత ఆత్మనుంచి పిల్లను విడిపించమని పెద్ద గొంతుతో ప్రార్థించారు. పక్కన ఈతకొచ్చిన వాళ్ళు కొంచెం దూరం జరిగారు.

తరవాతి ఆదివారం హాల్లో సాక్ష్యాల సమయం. మా సంఘంలో ఎవరైనా లేచి, దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు చెప్పవచ్చు. పెద్దాయనే ముందు మొదలుపెట్టారు. ఒక యౌవన బిడ్డ బాప్తిస్మం మీద శత్రువు దాడి చేశాడని, అగ్నినుంచి దేవుడు మమ్మల్ని కాపాడాడని, ఆ బిడ్డ కోసం ఉపవాసం ఉండాలని. "ఆమెన్ అందామా?" అన్నారు. హాలంతా ఆమెన్ అంది. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి నా పెదవుల వైపు చూసింది. నేను అనలేదు.

లేచి నిలబడ్డాను. "ఆ అగ్ని శత్రువుది కాదు. హైడ్రోకు డబ్బు కట్టకుండా పక్క స్తంభంనుంచి మేం దొంగతనంగా లాగిన తీగది. ఆ తీగను దాచింది నా బిడ్డ బాప్తిస్మం గౌనుతో. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇది నా సాక్ష్యం," అన్నాను.

పెద్దాయన కీబోర్డు వైపు చూసి తల ఊపారు. కీబోర్డు మోగింది. అందరూ పాటలో కలిశారు, ఎప్పటికంటే గట్టిగా. నన్ను చూడకుండా, చప్పట్లతో. నాకు చిన్నప్పటినుంచి వచ్చిన పాటే అది. దాన్ని నా నోటి మీద చెయ్యిలాగా పెట్టారు. బయటికి వచ్చేస్తుంటే ఒక్కరూ తల తిప్పలేదు. ఆ తరవాత ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేశారు. సిస్టర్, నాలుగు గోడల మధ్య మాట్లాడుకోవాల్సింది కదా అని. నాలుగు గోడల మధ్యే కదమ్మా చెప్పాను, వీధిలో కాదు కదా అన్నాను.

ఇప్పుడు ఎటోబికోలో ఇంకొక సంఘానికి, పాస్టరు ఉన్నదానికి, వెళ్తున్నాం. అక్కడ సండేస్కూల్లో వెనక బెంచీ మీద కూర్చుని వినడమే, చెప్పడం లేదు. గుడారం కథ వస్తే చెప్పగలనో లేదో నాకే తెలియదు. మా అమ్మాయిని బాప్తిస్మం గురించి అడగలేదు. అడిగే అర్హత పోగొట్టుకున్నానని అనుకున్నాను. కాలిన గౌనును పారేయబోతే సంచిలోనుంచి తీసి తన అలమరలో పెట్టుకుంది. ఎందుకని అడగలేదు.

మంచు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, నేను సింకు దగ్గర ఉంటే, వెనక నుంచి అంది:

"ఆ క్యాంప్‌గ్రౌండ్ లేడీ దగ్గరే ఈ సమ్మర్‌కు బుక్ చెయ్యి. ఆ కొత్త పాస్టరంకుల్ వస్తాడేమో అడుగు."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని.

"ఎన్ని సైట్లు?" అన్నాను.

"ఒకటి, అమ్మా. అండ్ పే ఫర్ ద హైడ్రో."